ఢిల్లీ కారు... ఇంటికి చేరు!

పక్క రాష్ట్రంలో కారు చవకంటారు. రైలెక్కి వెళ్లి, కొనేసి, దర్జాగా నడుపుకుంటూ వచ్చేయొచ్చంటారు. నిజమే. కాకపోతే ఆ దారిలో కిలోమీటరు రాళ్లకన్నా కాగితాలే ఎక్కువ!

‘ఇక్కడ ఐదున్నర లక్షలు చెబుతున్న కారు ఢిల్లీలో నాలుగు లక్షల ఇరవై వేలకే ఇస్తున్నారట!’

ఆఫీసు క్యాంటీన్లోనో, పెళ్లి భోజనాల దగ్గరో ఈ మాట వినని మధ్యతరగతి మనిషి ఉండడేమో. ఆ మాట చెవిన పడింది మొదలు మనసు మనసులో ఉండదు. లక్షా ముప్ఫై వేలు మిగులు! పైగా ఆగ్రా చూసి, గ్వాలియర్ కోట చూసి, నాగ్‌పూర్‌లో బత్తాయిలు కొనుక్కుని, సొంత కార్లో ఇంటి ముందు దిగొచ్చు. బావమరిది తోడొస్తానంటాడు. వీధి చివరి మెకానిక్ ‘ఢిల్లీ బండ్లు బాగుంటాయి సార్’ అని భరోసా ఇస్తాడు. ఇంకేం కావాలి?

కావాలి. చాలానే కావాలి. పొరుగు రాష్ట్రం నుంచి తెచ్చుకున్న కారుతో ఏళ్ల తరబడి హాయిగా తిరుగుతున్నవారు ఎందరో ఉన్నారు. తెచ్చిన కారుకు నంబరు మారక, అమ్మినవాడు ఫోనెత్తక, షెడ్డులోనే ఉంచుకుని తల పట్టుకున్నవారూ ఉన్నారు. ఇద్దరికీ తేడా అదృష్టంలో లేదు... బయల్దేరే ముందు చేసిన పనిలో ఉంది.

అంత చవక ఎందుకు?

మొదటి కారణం పన్ను. కొత్త కారు కొన్నప్పుడు కట్టే రోడ్డు పన్ను ప్రతి రాష్ట్రానికీ వేరు. ఢిల్లీలో ఏళ్లుగా ఉన్న పట్టీ ప్రకారం ఆరు లక్షలలోపు పెట్రోలు కారుకు 4 శాతం, పది లక్షలలోపు దానికి 7 శాతం, ఆపైన 10 శాతం. డీజిలుకు ఇంకాస్త ఎక్కువ. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైఫ్ ట్యాక్సు 12 శాతం పైనే మొదలవుతుంది. అక్కడ కొత్త కారే తక్కువకు రోడ్డెక్కుతుంది కాబట్టి పాతదీ తక్కువకే దొరుకుతుంది.

రెండోది కాలుష్యం. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు అన్న గీతను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జులై 1 నుంచి అలాంటి బండ్లకు ఢిల్లీ బంకుల్లో ఇంధనం పోయొద్దన్నారు. గగ్గోలు పుట్టడంతో రెండు మూడు రోజులకే వెనక్కి తగ్గారు. వయసు ఒక్కటే చూసి యజమానులపై బలవంతపు చర్యలు వద్దని అదే ఏడాది ఆగస్టు 12న సుప్రీంకోర్టు చెప్పింది. డిసెంబరుకొచ్చేసరికి ఆ రక్షణను బీఎస్-4, ఆపై బండ్లకే పరిమితం చేసింది. ఇన్ని మలుపులున్నచోట కారున్నవాడి గుండె నిమ్మళంగా ఉంటుందా? ‘గడువు దగ్గర పడకముందే వదిలించుకుందాం’ అనుకుంటాడు. అదే మనకు చవక!

మూడోది రద్దీ. కరోల్‌బాగ్ లాంటి చోట్ల పాత కార్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. సరుకు ఎక్కువుంటే బేరం కొనేవాడి వైపు మొగ్గుతుంది.

ఒక్క చిన్న మెలిక... ‘ఢిల్లీ కారు’ అన్నంత మాత్రాన అది ఢిల్లీదే కానక్కర్లేదు. డీఎల్‌తో మొదలయ్యే నంబరైతే ఢిల్లీ. హెచ్ఆర్ 26 అయితే హర్యానాలోని గురుగ్రామ్. యూపీ 16 అయితే ఉత్తర్‌ప్రదేశ్‌లోని నోయిడా. కారు ఎక్కడ అమ్మకానికుందో అనవసరం. రిజిస్ట్రేషన్ ఎక్కడుందో ఆ ఆర్టీవో ఆఫీసుతోనే మన పని.

ముందు లెక్క... తర్వాతే టికెట్టు

లక్షా ముప్ఫై వేల తేడా ఉందనుకున్నాం కదా. కాగితం మీద పెట్టి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే... మీ అంకెలు మీరు వేసుకోండి.

ఇద్దరు వెళ్లడానికి విమానమో రైలో కలిపి 15 వేలు. కారును పరీక్షించే మెకానిక్కుకు 3 వేలు. నాలుగు రాత్రుల బస, తిండి 8 వేలు. హైదరాబాద్‌కు సుమారు 1,560 కిలోమీటర్లు... లీటరుకు 15 చొప్పున 104 లీటర్లు, లీటరు వంద అనుకున్నా 10,400. టోలు 3 వేలు. కాగితాల ఖర్చు 8 వేలు. వచ్చాక ఇంజిన్ ఆయిలు, బ్రేకులు, చిన్నాచితకా మరమ్మతులు 12,600. మొత్తం 60 వేలు.

అసలుది ఇంకా రాలేదు... లైఫ్ ట్యాక్సు! పొరుగు రాష్ట్రంలో పన్ను కట్టేసిన కారైనా, మన రాష్ట్రంలో నంబరు మార్చుకోవాలంటే ఇక్కడా కట్టాల్సిందే. దీన్ని మీరు కొన్న ధర మీద లెక్కగడతారనుకుంటే పొరపాటు. కారు కొత్తగా ఉన్నప్పటి ధర చూసి, దాని వయసును బట్టి కొంత తగ్గించి వేస్తారు. అది 70 వేలు తేలిందనుకోండి... 60, 70 కలిపితే లక్షా ముప్ఫై వేలు. మిగిలింది సున్నా! ఆగ్రా చూసిన తృప్తి ఒక్కటే లాభం.

పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి సొమ్ము వాపసు అడిగే వీలు చాలా రాష్ట్రాల్లో ఉంది. కానీ ఇక్కడ కొత్త నంబరు వచ్చాకే అక్కడ దరఖాస్తు చేయాలి. కాగితం వెనక కాగితం పంపాలి. నెలలు పడుతుంది. వస్తే మంచిదే. వస్తుందని ముందే ఖర్చుపెట్టుకోవద్దు.

మరి ఎవరికి గిట్టుబాటు? ఇక్కడ దొరకని మోడలు కావాలనుకునేవారికి. ధరలో తేడా ఖర్చులకు రెట్టింపైనా ఉన్నప్పుడు. అమ్మేది అన్నయ్యో, బాబాయో, పాత సహోద్యోగో అయి... ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు తెలిసినప్పుడు. చిన్న కారు కోసం అంత దూరం వెళ్తే చాలాసార్లు పెట్రోలు దండగ. అందుకే ముందుగా మీ ఊరి ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. మోడలు, ఏడాది, ఇన్‌వాయిసు ధర చెప్పి లైఫ్ ట్యాక్సు ఎంతవుతుందో కనుక్కోండి. ఆ వయసు బండిని, ఆ బీఎస్ ప్రమాణం బండిని ఇక్కడ రిజిస్టర్ చేస్తారా అని కూడా అడగండి. అరపూట పని. అంత దూరం వెళ్లొచ్చాక తెలుసుకుంటే మాత్రం ఆరు నెలల ఏడుపు!

‘ఒక్క చేతి బండి సార్!’

బ్రోకరు నోట వచ్చే మొదటి మాట ఇదే. నిజమో కాదో ఆర్‌సీ చెబుతుంది. ఎన్నో యజమాని అన్నది దాని మీదే ఉంటుంది. వాహన్, ఎంపరివాహన్‌లలో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, బీమా గడువు, బ్యాంకు అప్పు ఉందా లేదా లాంటివి కనిపిస్తాయి. పెండింగు ఛలానాలూ చూసుకోవచ్చు. దొంగతనం కేసుల్లో ఉన్న బండా కాదా అన్నది జాతీయ నేర రికార్డుల బ్యూరో ఆన్‌లైన్ సేవలో సరిచూసుకునే వీలుంది. ఇవన్నీ టికెట్టు కొనకముందు ఇంట్లో కూర్చునే చేయాల్సిన పనులు.

బండి దగ్గరకు వెళ్లాక మొదట చూడాల్సింది రంగు కాదు... ఛాసిస్ నంబరు. అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు కలిపి 17 ఉంటాయి. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. ఆర్‌సీలో ఉన్నదీ, కారు మీద చెక్కిందీ ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి. ఆ నంబరు చుట్టూ గీకినట్టున్నా, వెల్డింగ్ మచ్చలున్నా, అక్కడొక్కచోటే కొత్త రంగు కనిపించినా... నమస్కారం పెట్టి వచ్చేయడమే.

తర్వాత మీటరు. పాత కార్ల బజారులో మీటరు వెనక్కి తిప్పడం కొత్త విద్యేమీ కాదు. అరవై వేలే తిరిగిందన్న కారుకు క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగు తోలు మెరిసిపోతుంటే అనుమానించాల్సిందే. కంపెనీ సర్వీసు సెంటర్లో ఆ నంబరు పేరున ఉన్న సర్వీసు చరిత్ర అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో తెలుస్తుంది. బానెట్, డోర్ల బోల్టుల మీద స్పానరు పెట్టిన గుర్తులుంటే టింకరింగ్ జరిగినట్టే. అద్దాల మీద ముద్రించిన ఏడాది అన్నిటికీ ఒకేలా ఉందా? ఒక్క అద్దం కొత్తదైతే ఎందుకు మార్చారో అడగండి. పసుపు పచ్చ బోర్డుతో ట్యాక్సీగా తిరిగి, ఆ తర్వాత తెల్లబోర్డుకు మారిన బండ్లూ ఉంటాయి. రిజిస్ట్రేషన్ చరిత్రలో అదీ చూసుకోవాలి.

నీళ్లు తాగిన కారు

పొరుగు రాష్ట్రం బండి కొనేవారు అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే. 2005 జులైలో ముంబయి, 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో మళ్లీ చెన్నై... నగరం మునిగిన ప్రతిసారీ వేల కార్లు నీళ్లలో నానాయి. వాటిలో కొన్ని తుక్కు కిందకు పోతాయి. కొన్ని శుభ్రంగా కడిగించుకుని, సెంటు పూసుకుని, తమ చరిత్ర తెలియని ఊళ్లో అమ్మకానికి నిలబడతాయి. మునిగిన ఊళ్లో ఎవరూ కొనరు కదా!

ఇలాంటి బండి కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత వైర్ల కీళ్ల దగ్గర తుప్పు మొదలవుతుంది. ఒకరోజు లైట్లు వెలగవు. ఇంకోరోజు పవర్ విండో దిగదు. ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరదు. రిపేరుకు అంతుండదు.

గుర్తుపట్టడం ఎలా? సీటు బెల్టును చివరికంటా లాగండి... లోపలి భాగంలో బురద మరక, బూజు కనిపిస్తాయి. సీటు కిందున్న పట్టాల మీద తుప్పు చూడండి. కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి కింద తడిమి చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో ఒండ్రు ఉందేమో చూడండి. హెడ్‌లైట్ల లోపల నీటి గీత ఉందా? పదేళ్ల కారుకు సరికొత్త కార్పెట్, ఘాటైన సెంటు వాసన... రెండూ కలిసి ఉంటే ‘ఎందుకబ్బా?’ అనుకోవాలి. బీమా క్లెయిముల చరిత్ర అడగడం మరవొద్దు.

వీటన్నిటికీ మన కళ్లు చాలవు. ఆ ఊళ్లో అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్ చేత గానీ, ఆ కంపెనీ సర్వీసు సెంటర్లో గానీ లిఫ్టు మీదకు ఎత్తించి చూపించాలి. ‘అంత టైం లేదు సార్, ఇంకో పార్టీ రెడీగా ఉంది’ అన్నాడా? ఆ పార్టీకే ఇచ్చేయమనండి!

తాళంచెవి కన్నా ముఖ్యం ఎన్‌వోసీ

కారు నచ్చింది. బేరం కుదిరింది. డబ్బు ఇచ్చేసి తాళాలు తీసుకుంటే సరిపోతుందా? తాళంచెవితో ఇంజిన్ తిరుగుతుంది, అంతే. బండి మీదవ్వాలంటే ‘నిరభ్యంతర పత్రం’... అదే ఎన్‌వోసీ కావాలి.

మోటారు వాహనాల చట్టం-1988లోని 48వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలోని బండి మరో రాష్ట్రానికి మారాలంటే పాత ఆర్టీవో దాన్నిస్తారు. దరఖాస్తు ఫారం 28. ఇచ్చేముందు బండి దొంగతనం కేసుల్లో లేదని పోలీసు నివేదిక తెప్పించుకోవాలి. పన్నులు, బకాయిలు కట్టారా లేదా చూడాలి. 30 రోజుల్లో ఇవ్వడమో, కారణం చెప్పి నిరాకరించడమో చేయాలి. అంటే, పొద్దున కారు చూసి సాయంత్రానికి ఎన్‌వోసీ చేతపట్టుకుని బయల్దేరడం అయ్యే పని కాదు. అమ్మేవారు ముందే దరఖాస్తు చేసి తెప్పించి ఉంచితే ఒక్క ప్రయాణంతో పోతుంది. లేదంటే అడ్వాన్సు ఇచ్చి, ఎన్‌వోసీ వచ్చాకే మిగతా సొమ్ము ఇచ్చేలా రాసుకోవాలి.

ఎన్‌వోసీలో మన ఆర్టీవో పేరు సరిగ్గా ఉండాలి. కరీంనగర్ వారికి హైదరాబాద్ ఆర్టీవో పేరుతో తెస్తే మళ్లీ తిరుగుడే. మిగతావి... అమ్మేవారు సంతకం చేసిన ఫారం 29. కొనేవారి ఫారం 30. కొత్త నంబరు కోసం ఫారం 27. బ్యాంకు అప్పు తీరిన బండైతే బ్యాంకు లేఖ, ఫారం 35. అమ్మేవారి గుర్తింపు, చిరునామా పత్రాల నకళ్లు. వీటన్నిటితోపాటు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన ముద్రలు నాలుగైదు తీసి ఉంచుకోండి. ఫారాల మీద అతికించమంటారు. రెండు ఫారాలు అదనంగా సంతకం చేయించుకున్నా నష్టం లేదు. సంతకం తేడా వచ్చిందని ఇక్కడి గుమాస్తా అంటే... దాని కోసం మళ్లీ ఢిల్లీ వెళ్లగలరా?

దుకాణదారు దగ్గర కొంటుంటే ఇంకో ప్రశ్న అడగాలి... అధీకృత డీలరేనా? పాత బండ్ల డీలర్లకు ఆర్టీవో అనుమతి పత్రం ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. యజమాని తన బండిని అలాంటి డీలరుకు అప్పగించినట్టు పోర్టల్లో తెలియజేస్తే, ఆ తర్వాత బాధ్యత డీలరుదే. ఎన్‌వోసీకి దరఖాస్తు కూడా డీలరే చేసుకోవచ్చు. అనుమతి లేని బ్రోకరు చేతిలో ఖాళీ ఫారాల మీద సంతకాలుంటాయి. ఆ సంతకం చేసిన మనిషెవరో ఆయనకే తెలియకపోవచ్చు.

గుద్దితే ఎవరిది తప్పు?

అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ తేలిగ్గా తీసుకునే సంగతి ఇది. ఆర్‌సీలో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో వారే యజమాని. కారు ఎప్పుడో అమ్మేసి, తర్వాత అది ఇంకా చేతులు మారినా, రికార్డులో పేరు మారలేదు కాబట్టి ప్రమాద పరిహారం బాధ్యత మొదటి మనిషిదేనని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చిచెప్పింది. ‘నేను అమ్మేశాను కదండీ’ అన్న మాట చెల్లలేదు. అందుకే నిజాయతీగా అమ్మేవారెవరైనా పేరు మార్పిడికి మీకన్నా ఎక్కువ తొందరపడాలి. తొందర లేని అమ్మకందారును చూస్తే మీరు తొందరపడొద్దు.

కొన్నవారికి ముప్పు ఇంకోవైపు నుంచి. పాత యజమాని పేరున్న బీమా ఉందిలే అనుకుంటారు. ఎదుటివారికి జరిగే నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ బీమా బండితోపాటు మీకు మారినట్టే చట్టం పరిగణిస్తుంది. అది కూడా 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీలో మార్పించుకోవాలి. మీ కారుకే సొట్టపడితే ఇచ్చే సొమ్ము మాత్రం పాలసీ మీ పేరున లేకపోతే వస్తుందన్న నమ్మకం లేదు. తెలియని ఊళ్లో, తెలియని కార్లో, పదిహేను వందల కిలోమీటర్లు నడపబోతున్నారు! బీమా మార్పించుకున్నాకే ఇంజిన్ ఆన్ చేయండి. అమ్మినవారి ‘నో క్లెయిం బోనస్’ వారిదే. అది బండితో రాదు. ప్రీమియంలో ఆ తేడా మీరే కట్టుకోవాలి.

అమ్మిన తేదీయే కాదు, గంట కూడా రాసిన డెలివరీ నోటు మీద ఇద్దరూ సంతకాలు చేసుకోండి. అప్పటిదాకా పడ్డ ఛలానాలు అమ్మినవారివి. ఆ తర్వాతవి మీవి. ఫాస్టాగ్ సంగతీ అక్కడే తేల్చుకోవాలి. పాత ట్యాగు అమ్మినవారి ఖాతాకు ముడిపడి ఉంటుంది. దాన్ని మూయించి మీ పేరున కొత్తది తీసుకోవడం మంచిది. ట్యాగు లేకుండా టోలు గేటుకు వెళ్తే మామూలుకన్నా ఎక్కువ వదిలించుకోవాలి.

ఇక బండి తీద్దామా!

కాగితాలు సంచిలో చేరాయి. ఇప్పుడు అసలు సరదా. సొంత అవసరానికి వాడే కారుకు రాష్ట్రాలు దాటడానికి పర్మిట్ అక్కర్లేదు. ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, డ్రైవింగ్ లైసెన్సు, ఎన్‌వోసీ నకలు, డెలివరీ నోటు ఉంటే చాలు. ఆర్‌సీలో వేరే పేరు చూసి పోలీసులు ఆపితే డెలివరీ నోటే మీ తరఫున మాట్లాడుతుంది.

వెంటనే హైవే ఎక్కొద్దు. ఆ ఊళ్లోనే ఓ పూట, యాభై అరవై కిలోమీటర్లు తిప్పండి. ఇంజిన్ వేడి ముల్లు పైకెళ్తోందా? బ్రేకు వేస్తే ఓ పక్కకు లాగుతోందా? రాత్రి నిలిపినచోట పొద్దున నూనె చుక్కలున్నాయా? టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడి లోతుగా ఉన్నా, వయసైపోయిన టైరుతో వేసవిలో సిమెంటు రోడ్డెక్కడం ప్రమాదం. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానరు ఉన్నాయా అన్నది బయల్దేరాక గుర్తొస్తే లాభం లేదు.

దారి... దాదాపు అంతా 44వ నంబరు జాతీయ రహదారే. ఢిల్లీ నుంచి ఫరీదాబాద్, పల్వల్, మథుర మీదుగా ఆగ్రా 230 కిలోమీటర్లు. 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీదా వెళ్లొచ్చు. కానీ చేతికి అలవాటు కాని కారుతో మొదటిరోజే ఎక్స్‌ప్రెస్‌వే మీద వేగానికి పోవద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు తెల్లగోడలా నిలబడుతుంది. ఆ రోజుల్లో పొద్దెక్కాకే బయల్దేరాలి.

ఆగ్రా దాటాక ధోల్‌పూర్... అంటే రాజస్థాన్. అక్కడ చంబల్ నది దాటితే మొరేనా... మధ్యప్రదేశ్. గ్వాలియర్, దతియా అయ్యాక ఝాన్సీ... మళ్లీ ఉత్తర్‌ప్రదేశ్! లలిత్‌పూర్ దాటితే మళ్లీ మధ్యప్రదేశ్. ఒకే రోడ్డు మీద రెండు రాష్ట్రాలు రెండేసిసార్లు పలకరిస్తాయి. మధ్యాహ్నం ఢిల్లీలో బయల్దేరినవారు మొదటి రాత్రికి గ్వాలియర్‌లో ఆగడం మేలు. మొరేనా గజక్ కొనడం మరవొద్దు. పొద్దున్నే బయల్దేరితే ఝాన్సీ దాకా లాగొచ్చు.

రెండోరోజు పెద్దది. ఝాన్సీ నుంచి నాగ్‌పూర్ దాదాపు ఆరొందల కిలోమీటర్లు. సాగర్ దాటాక బర్మాన్ దగ్గర నర్మద కనిపిస్తుంది. లఖ్నాదౌన్, సివనీ తర్వాత కురయీ ఘాట్, పెంచ్ పులుల అడవి. ఇక్కడ రోడ్డును ఎత్తు మీద వేసి, కింద నుంచి పులులు, జింకలు దాటిపోయేలా దారులు వదిలారు. మీరు పైన, పులి కింద! ఈ ముక్కను వెలుతురుండగానే దాటాలి. చీకటి పడుతుంటే సివనీలోనే ఆగిపోవడం తెలివైన పని. వంతులవారీగా నడపడానికి ఇద్దరు డ్రైవర్లుండాలన్నది ఇందుకే. జాతీయ రహదారి మీద ఇబ్బందొస్తే 1033, అత్యవసరమైతే 112.

మూడోరోజు నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్ 500 కిలోమీటర్లు. హింగన్‌ఘాట్, పాండర్‌కవడా దాటి పెన్‌గంగ వంతెన ఎక్కాక బోర్డుల మీద తెలుగు అక్షరాలు మొదలవుతాయి. మూడు రోజులుగా దాబాల్లో రొట్టెలు తిన్న ప్రాణానికి ఆదిలాబాద్ హోటల్లో అన్నం, పప్పు, ఆవకాయ ఎంత హాయో చెప్పలేం! నిర్మల్ ఘాట్ దిగి, సోన్ దగ్గర గోదావరి దాటి, కామారెడ్డి మీదుగా మేడ్చల్ చేరితే ఇంటికొచ్చినట్టే. విజయవాడ వారికి ఇంకో 270 కిలోమీటర్లు.

అంత ఓపిక లేకపోతే? కార్లను లారీల మీద చేరవేసే సంస్థలున్నాయి. పెట్రోలు, టోలు, బస ఖర్చులతో పోల్చి చూసుకోండి. అప్పగించేముందు కారు నాలుగువైపులా ఫొటోలు తీసి, రవాణా బీమా కాగితం అడిగి తీసుకోండి.

కొబ్బరికాయ కొట్టాక...

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కారు ఇంటికొచ్చింది, గుడికెళ్లింది, నిమ్మకాయలు తొక్కించారు. నంబరు మాత్రం డీఎల్‌గానే ఉండిపోయింది. ‘ఏడాది దాకా తిరగొచ్చట కదా’ అంటారు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెప్పే మాట నిజమే. కానీ చేతులు మారిన బండికి 50వ సెక్షన్ ఉంది. కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. అమ్మినవారికి పొరుగు రాష్ట్రమైతే 45 రోజుల గడువు. లైఫ్ ట్యాక్సు కట్టకుండా తిరుగుతున్న పొరుగు నంబరు బండ్లను ఆర్టీఏ సిబ్బంది ఆపితే పన్నుతోపాటు జరిమానా కూడా కట్టాల్సి వస్తుంది.

వచ్చిన వారంలోనే స్లాటు బుక్ చేసుకుని ఫారాలు, ఎన్‌వోసీ, బీమా, కాలుష్య పత్రం పట్టుకెళ్లండి. అధికారి బండి చూసి ఛాసిస్ నంబరు సరిచూస్తారు. పన్ను కట్టాక కొత్త నంబరు, కొత్త హైసెక్యూరిటీ ప్లేట్లు. ఆ నంబరును బీమాలో, ఫాస్టాగ్‌లో మార్పించుకోవాలి. అన్నీ అయ్యాక కొత్త ఆర్‌సీ నకలు అమ్మినవారికి పంపండి. వారి గుండెల మీద కుంపటీ దిగుతుంది.

అప్పుడు మళ్లీ ఆ లెక్కల కాగితం తీయండి. మొత్తం ఖర్చుపోను పాతిక వేలు మిగిలినా, ముప్ఫై మిగిలినా... అది మీరు సంపాదించుకున్నదే. కనీసం మూడువారాల తిరుగుడుకు కూలి గిట్టినట్టు!

- - - - -

హైదరాబాద్ టు విజయవాడ... ఇదీ పొరుగే!

2014 జూన్ 2కు ముందు హైదరాబాద్‌లో కారు కొని విజయవాడ తెచ్చుకుంటే ఒకే రాష్ట్రంలో ఊరు మారినట్టు. ఇప్పుడు అదీ పొరుగు రాష్ట్రమే. నల్గొండ దాటి కృష్ణా జిల్లా వైపు కారు తెచ్చుకుంటున్నా ఎన్‌వోసీ, ఫారాలు, ఛలానాల తనిఖీ అన్నీ వర్తిస్తాయి. ‘మనదే కదా’ అనుకుని పేరు మార్చుకోకుండా తిరిగేవారే ఎక్కువ. తెలంగాణ బండ్లకు టీఎస్ బదులు టీజీ వచ్చింది 2024 మార్చిలో. పాత టీఎస్ నంబరు ఉన్నంత మాత్రాన బండికి దోషమేమీ లేదు.

యానాం నంబరా... జాగ్రత్త

పీవై 04 అంటే పుదుచ్చేరిలో భాగమైన యానాం. అక్కడ పన్ను తక్కువని కాకినాడ చుట్టుపక్కల వారు ఆ చిరునామాతో రిజిస్ట్రేషన్ చేయించడం పాత కథే. అలాంటి కారు సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికితే, కట్టని లైఫ్ ట్యాక్సు భారం మీ నెత్తికొస్తోందని గుర్తుంచుకోండి. చిరునామా నిజమైనదేనా అన్నదీ చూసుకోవాలి.

బదిలీల ఉద్యోగమా?

2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు కారైతే రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేదు. పన్ను రెండేళ్లకోసారి కడతారు. అయితే ఇది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, రక్షణ సిబ్బంది, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు లాంటి వారికే. అలాంటి కారు కొనాలనుకుంటే మీకు ఆ అర్హత ఉందో లేదో ముందు చూసుకోండి.